చెకుముకి పిస్తోలూ, నోరుజారిన పేరూ

ఆమధ్య ఒక శుక్రవారం పొద్దున పదకొండు గంటలకి నేనెక్కడున్నానో చెప్పండి చూద్దాం! గుడివాడలో మా బావ ఇంట్లో కాఫీ తాగుతూ ఉండాలి. లేనండి. దారిలో ఒక పోలీస్ స్టేషన్లో, ఎస్సై గారి బల్లకి ఇవతలి కుర్చీలో, రెండు చేతులూ మోకాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాను. బయట కాంపౌండులో ఆర్టీసీ బస్సు. బస్సు నిండా జనం. అందరూ కిటికీల్లోంచి నన్నే చూస్తున్నారు.

తప్పు నాదే. ముందే ఒప్పేసుకుంటున్నాను. ఎందుకంటే ఆ రోజు ఒప్పుకోవాల్సిన చోట ఒప్పుకోలేదు. అదే అసలు కథ.

మీకు తెలుసుగా, బందరులో ముప్ఫై మూడేళ్ళు కోర్టు గుమాస్తాగా చేసి పోయినేడు రిటైరయ్యాను. మా నాన్న కరణం దగ్గర రాతకోతలు చూసేవాడు, మా తాత బడిపంతులు. మూడు తరాలుగా మా ఇంట్లో మగాళ్ళు పెన్ను తప్ప ఏ పనిముట్టూ పట్టలేదు. బల్బు మార్చాలన్నా మా ఆవిడ రాజ్యమే స్టూలెక్కుతుంది. నేను స్టూలు పట్టుకుంటాను. అది కూడా, "ఏమండీ, కాస్త కదలకుండా పట్టుకోండి" అని చెప్పించుకుని.

రాజ్యం వాళ్ళ అన్నయ్య ప్రసాదు గుడివాడలో ఉంటాడు. నాకు బావ. రిటైరైనవాళ్ళందర్నీ పోగేసి నాటకాలు వేయిస్తుంటాడు. ఈసారి కంపెనీ దొరల కాలంలో బందరు రేవు కథట. అందులో ఒక దొర పిస్తోలు తీసి నేతగాణ్ణి బెదిరించాలి. రిహార్సల్ చూద్దామని వెళ్ళాను. ఆ దొర చేతిలో ఏముందనుకున్నారు? పిల్లలు నీళ్ళు చిమ్ముకునే ప్లాస్టిక్ పిస్తోలు! నల్ల పెయింటు వేశారు. కింద నీళ్ళు పోసే మూత అలాగే ఉంది.

"బావా, ఆ రోజుల్లో ఇలాంటివి ఉండేవి కావు. చెకుముకి పిస్తోళ్ళు. మీట నొక్కితే రాయి వెళ్ళి ఇనప రేకుని కొట్టి నిప్పు రవ్వలు రాలుతాయి" అన్నాను. కోర్టులో కేసుల తాలూకు వస్తువులకి చీటీలు కట్టే సీట్లో చాలాకాలం పనిచేశాను కదా, తుపాకుల గురించి నాకు తెలిసినంత ఎవరికీ తెలీదని నా నమ్మకం.

"అయితే నువ్వు చేసి పట్రా బావా" అన్నాడు ప్రసాదు.

"చేస్తాను."

అందరివైపూ తిరిగాడు. "విన్నారా! మా బావ చేస్తాట్ట! ఈయన మేకు కొట్టగా చూసినవాళ్ళెవరైనా ఉన్నారా ఇక్కడ?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఇంటికొచ్చేదాకా బస్సులో ఆ మాటే. అరవై ఏళ్ళు దాటాయి. నా చేత్తో చేసిందని చూపించడానికి ఒక్క వస్తువు లేదు. కట్టిన ఫైళ్ళున్నాయి. వాటిని చెదపురుగులు చూసుకుంటున్నాయి.

సినిమాలకీ మ్యూజియాలకీ నకళ్ళు తయారుచేసేవాళ్ళు కిట్ అమ్ముతారని విని ఫోన్లో వెతికితే దొరికింది. పేలేది కాదండోయ్! గొట్టం గట్టి ఇనుము. మూతి దగ్గర అంగుళం లోతు మాత్రం బోలు, చూపుకి. నిప్పు రవ్వలొస్తాయి, అంతే. పార్సిల్ వచ్చింది. విప్పితే గొట్టం, ఇత్తడి ముక్కలు, స్క్రూలు, రాయి, మొద్దులా ఉన్న అక్రోటు చెక్క ఒకటి. ఆ చెక్కని పిడిలా చెక్కాలి. రాయీ స్ప్రింగూ ఉన్న యంత్రాన్ని లాక్ అంటారు. అది చెక్కలో ఇమిడేలా గుంట తొలవాలి. ఇన్‌స్ట్రక్షన్స్‌లో 'ఓపికతో రెండు వారాంతాలు' అని ఉంది. నాకు వారమంతా వారాంతమే కదా, మూడు రోజుల్లో తేల్చేద్దామనుకున్నాను.

మొదటి రోజే గుంట తొలిచేశాను. లాక్ పెడితే గలగలా కదులుతోంది! గుంట పెద్దదైపోయింది. చుట్టూ వేలి గోరు పట్టేంత సందు. రాజ్యం మొవ్వ హైస్కూల్లో లెక్కల టీచరు. సాయంత్రం వచ్చి చూసి, "కొలత తీసుకున్నారా?" అంది.

"కంటితో చూశాను."

"ఏ కంటితో?"

మా వీధి చివర కార్పెంటర్ దగ్గరికి పట్టుకెళ్తే అటూఇటూ తిప్పి చూశాడు. "తలుపులూ కిటికీలూ చేసే చేతులు సార్ మావి. ఇంత సన్నపని అంటే పెడన వెళ్ళండి. కలంకారీ అచ్చులు చెక్కేవాళ్ళు ఉంటారు. ఖాదర్ గారని అడగండి."

అలా వెళ్ళాను ఖాదర్ గారి దగ్గరికి. నా ఈడే. వరండాలో చాప మీద కూర్చుని, టేకు ముక్క మీద తీగలూ పువ్వులూ చెక్కుతున్నారు. ఆ ముక్కని రంగులో ముంచి బట్ట మీద అద్దుతారు. గీతకీ గీతకీ మధ్య వెంట్రుక పట్టదు. నా పిడి చేతికిచ్చాను. గుంటలో వేలు పెట్టి తడిమి, నా మొహం చూశారు.

"దీన్ని బాగుచేసి పెడతారా? ఎంతైనా ఇస్తాను" అన్నాను.

"నేను చేసిపెడితే మీరు చేసినట్టు ఎలా అవుతుంది సారూ? మీరే చెయ్యండి. ఎలాగో చెప్తాను" అన్నారు.

ఒక ఉలి చేతికిచ్చి పక్కన కూర్చోబెట్టుకున్నారు. "ఇనుముకి దీపం మసి రాయండి. చెక్క మీద పెట్టి తీయండి. ఎక్కడ నల్లబడిందో అక్కడే ఒక్క పొర తీయండి. నల్లబడని చోట ముట్టుకోవద్దు. చెక్క తీయగలం గానీ మళ్ళీ పెట్టలేం సారూ."

నాలుగు రోజులు వెళ్ళాను. మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టి నేర్పేవారు. టీ వాళ్ళింట్లోనే. వాళ్ళ కోడలు ఇచ్చేది. గొట్టం కూర్చోవాల్సిన గాడి, ఇత్తడి ముక్కల గుంటలు, అన్నీ నేనే తొలిచాను. ఇంటి దగ్గర మసి లేక రాజ్యం కాటుక డబ్బా వాడేశాను. అదే చేత్తో మొహం తుడుచుకుని తలుపు తీస్తే పాలాయన, "ఏంటి సార్, నాటకంలో మీరు కూడానా?" అన్నాడు. పాత సందులో జిగురూ రంపపు పొట్టూ కలిపి కూరాను. నూనె పట్టించాను. మొత్తానికి అయింది. మీట నొక్కితే టప్ మని రవ్వలు! రాజ్యం కూడా, "అబ్బో!" అంది. ముప్ఫై ఆరేళ్ళ కాపురంలో నా పనికి ఆవిడ నోట అబ్బో అనే మాట రావడం అదే మొదలు.

శుక్రవారం పొద్దున దాన్ని తువ్వాల్లో చుట్టి, గుడ్డసంచిలో పెట్టి, గుడివాడ బస్సెక్కాను. ఒళ్ళో పెట్టుకున్నాను. పసిబిడ్డని పట్టుకున్నట్టు పట్టుకుంటే ఎవరైనా అడుగుతారు కదా! నా పక్కన చొక్కా నలగని పెద్దమనిషి కూర్చున్నాడు. పెడన దాటాక అడిగాడు.

"ఏంటండీ అంత జాగ్రత్త? గాజు సామానా?"

చెప్పకుండా ఉండొచ్చు. ఉండలేకపోయాను. "పిస్తోలండి. మూడొందల ఏళ్ళ నాటి మోడల్. నేనే చేశాను."

"మీరే? ఎవరి సాయమూ లేకుండానే?"

ఇదిగో, ఇక్కడే మొదటి తప్పు. "ఆఁ, ఎవరి సాయమూ లేదండి. ఒక్కణ్ణే" అన్నాను.

"చూడొచ్చా?"

తువ్వాలు విప్పాను. "ఇదిగో, ఇలా వెనక్కి లాగి, ఇది నొక్కితే..."

టప్! రవ్వలు లేచాయి. ముందు సీట్లో ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. నా చేతిలో పిస్తోలు సరిగ్గా ఆవిడ మొహానికి ఎదురుగా ఉంది!

"బాబోయ్! తుపాకీ!"

ఇక చూసుకోండి. సగం మంది సీట్ల కింద. సగం మంది డ్రైవర్ మీద. చొక్కా నలగని ఆ పెద్దమనిషి ఎప్పుడు లేచాడో, ఎలా దూకాడో, వెనక సీటుదాకా వెళ్ళిపోయాడు. నేను లేచి నిలబడి, "అయ్యా, డమ్మీ అండి! డమ్మీ!" అని అరుస్తున్నాను, చేతిలో పిస్తోలు ఊపుతూ. ఊపకూడదని తోచలేదు. హంసలదీవి నుంచి గుడివాడ మార్కెట్‌కి రొయ్యల బుట్టలు తీసుకెళ్తున్న ఒకావిడ మాత్రం సీట్లోంచి కదల్లేదు. "చంపేదేదో తొందరగా చంపి దిగవయ్యా! నా రొయ్యలు పాడైపోతున్నాయి" అంది.

డ్రైవర్ బస్సుని నేరుగా దారిలో ఉన్న పోలీస్ స్టేషన్ కాంపౌండులోకి తిప్పేశాడు.

ఎస్సై చిన్నపిల్ల. మాకో అమ్మాయి పుట్టి ఉంటే ఆ వయసుండేది. అరవలేదు, బెదిరించలేదు. పిస్తోలు బల్ల మీద పెట్టించి, కూర్చోమంది. పక్కన స్టేషన్ రైటర్ కాగితం తీసి రాసుకుంటున్నాడు. "నల్లరంగు తుపాకి ఒకటి" అని పైకే చదువుకుంటూ.

నా నోరు ఊరుకుంటుందా? "అలా రాస్తే చాలదండీ. పొడవు రాయాలి. చెక్క భాగం వేరు, ఇనుము వేరు రాయాలి. లేకపోతే రేపు కోర్టులో డిఫెన్స్ వాళ్ళు పట్టుకుంటారు."

రైటర్ పెన్ను ఆపాడు. ఎస్సై నావైపు చూసి, "సార్, మీరు ఎవరి తరఫున మాట్లాడుతున్నారు?" అంది.

బల్లకి ఎటువైపు కూర్చున్నానో అప్పుడు తెలిసిందండి. ఇన్నేళ్ళూ ఇలాంటి కాగితాలకి దారం కట్టి బీరువాలో పెట్టినవాణ్ణి. అందులో పేరున్న మనిషి బల్లకి ఇవతల ఎలా ఉంటాడో ఎప్పుడూ ఆలోచించలేదు. అది ఏ కాగితంలోనూ రాయరు.

"దీన్ని ఎవరు చేశారండీ?" అని అడిగింది ఎస్సై.

చిన్న ప్రశ్న. పావుగంట క్రితం బస్సులో గర్వంగా చెప్పిన జవాబే చెప్తే సరిపోయేది. కానీ నా కళ్ళ ముందు 'అక్రమంగా తుపాకి తయారుచేసిన వ్యక్తి' అనే అక్షరాలు కనిపించాయి. వాటి పక్కన నా పేరు.

"నేను కాదు మేడమ్. పెడనలో ఖాదర్ గారని, అచ్చులు చెక్కుతారు. ఆయన చేశారు."

అనేశాను! ఆ మాట నా గొంతుతోనే వచ్చింది. ఎస్సై మొహం మారింది.

"అచ్చులు చెక్కే ఇంట్లో పిస్తోళ్ళు చేస్తున్నారా? ఇంకెన్ని చేశాడు?" అని కానిస్టేబుల్‌ని పిలిచింది. "పెడన వెళ్ళి ఆయన్ని తీసుకురా."

"మేడమ్, కాదు మేడమ్, నేనే..." అని నేను లేచేసరికి మోటార్‌సైకిల్ గేటు దాటింది.

"ఇందాక ఒకటి, ఇప్పుడొకటి. కూర్చోండి" అంది ఎస్సై.

జనం స్టేట్‌మెంట్లు తీసుకుని బస్సుని పంపేశారు. రొయ్యలావిడ కిటికీలోంచి చివరిసారి నన్ను చూసి తల అడ్డంగా ఊపింది. తరవాత ఆ గదిలో ఫ్యాను చప్పుడూ నేనూ. పొగడ్త వచ్చినప్పుడు ఆయన పేరు నాకు గుర్తు రాలేదు. పోలీసులు అడిగేసరికి టక్కున గుర్తొచ్చింది. అంతసేపూ ఇదొక్కటే బుర్రలో తిరిగింది. నాలుగు రోజులు వాళ్ళింట్లో టీ తాగాను. వాళ్ళ చాప మీద కూర్చున్నాను. ఇవాళ ఆ వరండా ముందుకి పోలీసు బండి పంపించాను.

మోటార్‌సైకిల్ తిరిగొచ్చింది. వెనక సీట్లో ఖాదర్ గారు. పని మధ్యలో లేచి వచ్చారు, చొక్కా మీద టేకు పొట్టు అలాగే ఉంది. లోపలికి అడుగుపెట్టి ఎస్సైని చూడలేదు. గబగబా నా దగ్గరికి వచ్చి నా రెండు చేతులూ తిప్పి చూశారు.

"సారూ, మీకేం కాలేదు కదా? మీ పిస్తోలు గొడవ అని మాత్రం చెప్పాడీయన. చెయ్యి తెగిందేమో అనుకున్నాను."

తల ఎత్తలేకపోయాను.

ఎస్సై పిస్తోలు ఆయన ముందు పెట్టింది. "ఇది మీరు చేశారని ఈయన చెప్తున్నారు. నిజమేనా?"

ఖాదర్ గారు ఒక్క క్షణం నావైపు చూశారు. కోపం లేదు. అర్థమైందంతే. కళ్ళజోడు పెట్టుకుని పిస్తోలు చేతిలోకి తీసుకున్నారు. లాక్ చుట్టూ జిగురుతో కూరిన సందు మీద బొటనవేలు మెల్లిగా నడిపించారు. పిడి వంపు చూశారు. ఒక స్క్రూ వంకరగా దిగింది, దాన్నీ చూశారు. పక్కన పెట్టేశారు.

"నేను నలభై ఏళ్ళుగా చెక్క పని చేస్తున్నాను మేడమ్. ఒకసారి మీరే చూడండి. ఇది నలభై ఏళ్ళ చెయ్యిలా ఉందా?"

ఎస్సై వంగి చూసింది. రైటర్ వంగి చూశాడు. కానిస్టేబుల్ టోపీ తీసి మరీ చూశాడు.

"ఉలి ఎలా పట్టుకోవాలో నేర్పిన మాట నిజం. మిగతాది సారు కష్టం" అన్నారు ఖాదర్ గారు.

ఎస్సై పెన్నులోంచి రీఫిల్ తీసి గొట్టంలో పెట్టి చూసింది. అంగుళం లోపలికెళ్ళి ఆగింది. నాటకం సంగతీ నా ఉద్యోగం సంగతీ చెప్పి, కిట్ బిల్లూ ఇన్‌స్ట్రక్షన్స్ పేజీలూ నా ఫోన్లో చూపించాను. చదివి, గట్టిగా ఊపిరి వదిలింది. "ఇది పేలదని నమ్మడానికి రీఫిల్ కావాల్సొచ్చింది సార్. మీరే చేశారని నమ్మడానికి మాత్రం ఏమీ అక్కర్లేదు" అంది. రైటర్ దగ్గు వచ్చినట్టు మొహం పక్కకి తిప్పుకున్నాడు. పిస్తోలు తన దగ్గరే ఉంచుకుని, నాటకం వాళ్ళని లెటర్ రాసిచ్చి తీసుకెళ్ళమంది. "ఇలాంటివి బస్సుల్లో తిప్పుతారా అండీ? మీరు కోర్టులో చేసినవాళ్ళు!" ఆ చివరి మాట మిగతా అన్నిటికంటే గట్టిగా తగిలింది.

బయటికొచ్చాం. ఎదురుగా టీ బడ్డీ. రెండు టీలు చెప్పాను.

"ఖాదర్ గారూ, నేను మీ పేరు..."

"భయపడ్డారు సారూ. భయంలో మనిషి దగ్గరున్న కొమ్మ పట్టుకుంటాడు." ఊదుకుంటూ ఒక గుక్క తాగారు. తరవాత గ్లాసులోకి చూస్తూ అన్నారు. "కానీ పోలీసు బండెక్కడం వీధంతా చూసింది. మా కోడలు ఏడ్చింది. అది కొంచెం..."

నాకు ఆయన తిట్టి ఉంటే బావుండుననిపించింది.

గుడివాడ వెళ్ళలేదండి. ఆయనతోపాటు పెడన ఆటో ఎక్కాను. వీధి మొదట్లోనే దిగాను. ఒక్కో గుమ్మం ముందూ ఆగి చెప్పాను. "అమ్మా, ఖాదర్ గారి తప్పేం లేదండి. పోలీసులు అడిగితే భయపడి ఆయన పేరు అబద్ధం చెప్పాను. తప్పు నాది." మొదటి ఇంట్లో వాళ్ళు తల ఊపారు. రెండో ఇంట్లో మంచినీళ్ళిచ్చారు. నాలుగో ఇంట్లో ముసలమ్మ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని అంతా విని, "అయితే తుపాకీ చేసింది నువ్వా?" అంది.

"అవునమ్మా. కానీ అది..."

ధన్ మని తలుపేసేసింది!

వెనక ఖాదర్ గారు పొట్ట పట్టుకుని నవ్వడం అప్పుడే విన్నాను. "ఇక చాలు సారూ, రండి. మిగతా ఇళ్ళకి ఆవిడే చెప్తుంది."

వాళ్ళ కోడలికి మాత్రం ఎదురుగా నిలబడి చెప్పాను. ఆ అమ్మాయి అంతా విని లోపలికెళ్ళింది. టీ రాలేదు ఆ రోజు. సబబే కదా! తరవాతి వారం వెళ్తే వచ్చింది.

ఇంటికెళ్ళి రాజ్యానికి అంతా చెప్పాను, ఏదీ దాచకుండా. పిస్తోలు చేసినందుకు అబ్బో అంది కదా, ఇది విన్నాక దిద్దుతున్న పరీక్ష పేపర్లు పక్కన పెట్టేసింది. "వీధిలో ప్రతి ఇంటికీ వెళ్ళారా?" అంది. "నాలుగు ఇళ్ళకి" అన్నాను. "మిగతావి?" అంది. లెక్కల టీచరు కదండీ. మర్నాడు మిగతావాటికీ వెళ్ళొచ్చాను.

బావ లెటరిచ్చి పిస్తోలు తెచ్చుకున్నాడు. నాటకం ఆడారు. రవ్వలు బ్రహ్మాండంగా వచ్చాయట. నేను చూడలేదు. ఆ రోజు మంగళవారం. మంగళవారాలు నేను పెడన వెళ్తున్నాను. పిస్తోళ్ళు లేవు, కిట్లు లేవు. మొదట్నుంచీ నేర్చుకుంటానంటే ఖాదర్ గారు ఒక టేకు ముక్కా పెన్సిలూ ఇచ్చి, "మామిడి పిందెతో మొదలెట్టండి సారూ. అన్నిటికంటే తేలిక" అన్నారు.

మూడు వారాలు చెక్కాను. మసి రాసి, పొర తరవాత పొర తీసి, ఊపిరి బిగబట్టి. నిన్న పూర్తయింది. రంగులో ముంచి బట్ట మీద అద్ది, ఆయన ముందు పెట్టాను. ఖాదర్ గారు కళ్ళజోడు సవరించుకున్నారు. బట్టని దగ్గరగా పట్టుకుని చూశారు. దూరంగా పెట్టి చూశారు. కోడల్ని కూడా పిలిచి చూపించారు. ఇద్దరూ కాసేపు మాట్లాడుకుని ఒక నిర్ణయానికి వచ్చారు.

"సారూ, వంకాయ బాగా కుదిరింది."